లింకు దస్తావేజులు: మా కోడలి వైపు తాతల కోసం వర్జీనియాలో వెతుకులాట

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే, అయితే మొదలుపెడతాను.

నేను గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో 31 ఏళ్లు పనిచేశాను. జూనియర్ అసిస్టెంటుగా చేరి సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈరోజు మీకు చెప్పబోయేదంతా ఆ ఆఫీసులో నేర్చుకున్న పనే. ఊరు మారింది, భాష మారింది, కాగితాలు 300 ఏళ్ల కిందటివి, పని మాత్రం అదే.

మా మనవడు పోయినేడు నాలుగో తరగతి. వర్జీనియాలో నాలుగో తరగతి పిల్లలకి రాష్ట్ర చరిత్ర చెబుతారు కదా, జేమ్స్‌టౌన్, 1607లో ఇంగ్లీషువాళ్లు వచ్చి కట్టుకున్న ఊరు, అక్కడి ఆదివాసీ నాయకుడి కూతురు పోకహోంటస్, అవన్నీ. దాంతోపాటు వాళ్ల టీచరు మీ కుటుంబం ఎక్కణ్నుంచి వచ్చిందో ఒక చార్టు మీద గీసుకు రమ్మన్నారు. మా వైపు సంగతి మావారిని అడిగాడు. ఆయన తర్పణాల్లో చెప్పే మూడు తరాల పేర్లు చెప్పారు, ఇంకొకటి గుర్తు తెచ్చుకుని చెప్పారు, అక్కడితో ఆగిపోయింది. నా చిన్నప్పుడు మా ఊరికి పిచ్చిగుంట్లవాళ్లు వచ్చి అరుగు ముందు నిలబడి గోత్రం, ఇంటిపేరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వలస వచ్చారో తాతముత్తాతల పేర్లతో సహా గడగడా చెప్పేవాళ్లు. వాళ్లకి మా అమ్మ చాటలో బియ్యం పోసేది. ఒక్కరం కూడా ఒక్కసారి కూడా ఆ పేర్లు కాగితం మీద రాసుకోలేదు. ఇప్పుడు తల్చుకుంటే గుండె కలుక్కుమంటుంది.

కోడలి వైపు అలా కాదు. మా కోడలు ఇక్కడి అమ్మాయి, వాళ్ల అమ్మ, అమ్మమ్మ, తాతలు అందరూ వర్జీనియా వాళ్లే. మా వియ్యపురాలు, నేను వదినగారూ అనే పిలుస్తాను, ఆవిడకీ ఆ పిలుపు అలవాటైపోయింది, ఒక పెద్ద బైబిలూ, ఇంటర్నెట్‌లో ప్రింటు తీసిన ఒక పొడవాటి వంశవృక్షమూ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచింది. పైన చూస్తే పోకహోంటస్. కింద చూస్తే మా మనవడు. మధ్యలో 13 తరాలు. పిల్లాడి మొహం వెలిగిపోయింది.

నేను ఊరుకుని ఉండొచ్చు, కానీ 31 ఏళ్ల అలవాటు ఊరుకోనివ్వదు కదండీ. ఈ పేరు నుంచి ఈ పేరుకి లింకు డాక్యుమెంటు ఏదీ అని అడిగాను.

మీలో స్థలం కొన్నవాళ్లందరికీ లింకు డాక్యుమెంటు అంటే ఏంటో తెలుసు. నువ్వు ఎవరి దగ్గర కొన్నావు, అతను ఎవరి దగ్గర కొన్నాడు, అతనికి తండ్రి నుంచి వచ్చిందా, వస్తే వీలునామా ఉందా, పంపకాల కాగితం ఉందా. పదిట్లో తొమ్మిది ఉండి ఒకటి లేకపోతే బ్యాంకువాడు లోను ఇవ్వడు. వంశం కూడా అంతే. ఫలానాయన ఫలానాయన కొడుకు అని చెప్పే కాగితం ఏదో ఒకటి ప్రతి మెట్టు దగ్గరా ఉండాలి. ఇద్దరి పేరూ ఒకటే, ఊరూ ఒకటే అంటే చాలదు. ఆ రోజుల్లో ఒక్క కౌంటీలో, అంటే మన జిల్లాలాంటిదాంట్లో, ఒకే పేరుతో నలుగురు ఉండేవాళ్లు.

వదినగారి చార్టులో కింద ఐదు మెట్లు గట్టిగా ఉన్నాయి. పైన ఎనిమిదీ ఎవరో పెట్టినదాన్ని ఇంకెవరో ఎక్కించుకుని, దాన్ని చూసి మరొకరు ఎక్కించుకున్నవి. నలభై చోట్ల ఉందని ఆవిడ అన్నది నిజమే, కానీ నలభై నకళ్లు ఉన్నా అసలు లేకపోతే అది దస్తావేజు కాదు. అందుకని పిల్లాడి చార్టు ఐదు మెట్లతోనే పంపించేసి, నేనూ వదినగారూ కలిసి మొదటినుంచీ వెతకడం మొదలుపెట్టాం. ఏడాదిన్నర పట్టింది. వారానికి రెండు రోజులు నేను రిచ్మండ్‌లో లైబ్రరీ ఆఫ్ వర్జీనియాకి వెళ్లేదాన్ని, మిగతా రోజులు ఇంట్లో కంప్యూటర్ ముందు ఫ్యామిలీసెర్చ్‌లో. అది పాత రికార్డులు వెతికే వెబ్‌సైటు, ఉచితం, అకౌంటు తెరిస్తే చాలు. 2024లో పాత భూమి కాగితాలూ వీలునామాలూ చేతిరాతవి కూడా కంప్యూటరే చదివి వెతికిపెట్టే సౌకర్యం అందులో పెట్టారు. ఇండెక్సులో లేని పేర్లు కూడా, సాక్షిగా సంతకం పెట్టినవాడి పేరు కూడా, దొరుకుతాయి. ఇది మాకు ఎంత సాయం చేసిందో చెప్పలేను.

మొదట ఒక సంగతి. పైనుంచి కిందికి రాకూడదు. జేమ్స్‌టౌన్‌లో దిగినవాళ్ల పేర్లలో మన ఇంటిపేరు కనబడగానే ఇతనే మా తాత అనుకుని కిందికి లాక్కొస్తే ఎవరో ఒకరికి అతికిపోతుంది, అతికినట్టే కనబడుతుంది కూడా. కిందనుంచి, తెలిసిన మనిషి నుంచి, ఒక్కొక్క మెట్టూ ఎక్కాలి.

ఆ మెట్లు కొంత దూరం సులువు. వర్జీనియాలో పుట్టుకలు రాష్ట్రమంతటా రాయడం 1853లో మొదలైంది, 1896లో ఆపేశారు, మళ్లీ 1912లో మొదలుపెట్టారు. ఆ మధ్య పుట్టినవాళ్లకి జనాభా లెక్కలు చూసుకోవాలి. 1880 లెక్కల్లో ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో కూడా రాశారు, కొడుకు, కోడలు, అత్తగారు, అలా. 1890 లెక్కలు చాలామటుకు లేవు, 1921లో వాషింగ్టన్‌లో ఆ కాగితాలున్న భవనం అంటుకుంది. 1850కి వెళ్తే ఇంట్లో ఉన్న స్వేచ్ఛాపరులందరి పేర్లూ ఉంటాయి. 1840కి వెళ్లగానే తలుపు మూసుకుపోతుంది, అక్కణ్నుంచి 1790 దాకా ఇంటి యజమాని పేరొక్కటే, మిగతావాళ్లు లెక్కకి మాత్రమే. భార్య పేరు లేదు, పిల్లల పేర్లు లేవు.

బైబిలు సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి ఇళ్లలో పెద్ద బైబిల్లో మధ్య పేజీల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసుకునేవాళ్లు. వదినగారి బైబిల్లో మొదటి పుట్టుక 1788. నేను ముందు చూసింది ఆ పుస్తకం ఎప్పుడు అచ్చయిందని. 1840ల్లో. పైగా మొదటి పదకొండు పేర్లూ ఒకే సిరా, ఒకే చేతిరాత. అంటే ఎవరో ఒకరోజు కూర్చుని గుర్తున్నవన్నీ రాశారు. అబద్ధమని కాదు, కానీ అది ప్రత్యక్ష సాక్ష్యం కాదు, విని రాసింది. పక్కన ఆ మాట నోట్ చేసుకోవాలి.

1790 కంటే వెనక్కి, అంటే ఇంగ్లండు రాజు కింద కాలనీగా ఉన్న రోజుల్లోకి వెళ్లేసరికి, నాకు సొంతింటికి వచ్చినట్టనిపించింది. ఎందుకంటే అక్కడ మిగిలినవి భూమి కాగితాలూ వీలునామాలూ కోర్టు రికార్డులూ. హద్దులు మన దస్తావేజుల్లోలాగే రాస్తారు. ఫలానా వాగు మలుపు దగ్గర ఉన్న ఓక్ చెట్టు నుంచి ఫలానావాడి పొలం మూల దాకా ఇన్ని పోల్స్ అని. పోల్ అంటే పదహారున్నర అడుగులు. మనం తూర్పు ఫలానావారి మాగాణి, పడమర డొంక అని రాస్తాం కదా, అదే. ఆ పక్క పొలంవాడు ఎవడో కాదు, బావమరిది. సాక్షి సంతకం పెట్టినవాడు మామగారో పినతండ్రో. మన ఆఫీసుకి కూడా జనం సాక్షులుగా రోడ్డు మీద పోయేవాళ్లని తీసుకురారు, చుట్టాల్నే తీసుకొస్తారు. అందుకని నేను ప్రతి కాగితంలోనూ సాక్షులవీ హద్దుదారులవీ పేర్లు ఒక నోట్‌బుక్కులో విడిగా రాసుకుంటూ వచ్చాను. మా వెతుకులాటలో రెండు మెట్లు ఆ నోట్‌బుక్కు వల్లే దొరికాయి.

ఇంకో ముచ్చట. ఆ రోజుల్లో వర్జీనియాలో చట్టం ఏంటంటే, నాలుగేళ్లకోసారి పొలాల గట్ల వెంట హద్దుదారులంతా కలిసి నడిచి, చెట్ల మీద గుర్తులు మళ్లీ చెక్కుకోవాలి. ఎవరెవరు నడిచారో చర్చి పుస్తకంలో రాసేవాళ్లు. కోర్టు కాగితాలు పోయినచోట కూడా చర్చి పుస్తకం మిగిలితే, ఏ ఏడు ఎవరి పక్కన ఎవరున్నారో తెలిసిపోతుంది. తండ్రి పేరు పోయి కొడుకు పేరు వచ్చిన ఏడు చూస్తే, తండ్రి సుమారు ఎప్పుడు పోయాడో కూడా.

ఒక్కోసారి లేని కాగితం కూడా సాక్ష్యమవుతుంది. 1785లో చట్టం మార్చేదాకా, వీలునామా రాయకుండా పోతే భూమి అంతా పెద్దకొడుక్కే. మిగతా పిల్లలకి సెంటు భూమి కూడా రాదు. మా గూచ్‌లాండ్ కౌంటీ మనిషి ఒకాయన 200 ఎకరాలు అమ్మాడు, కానీ ఎప్పుడూ కొన్నట్టు కాగితం లేదు, ప్రభుత్వం నుంచి పట్టా పొందినట్టూ లేదు. మరి ఎక్కడిది? అవే హద్దులతో అంతకుముందు ముప్పై ఏళ్ల కిందట అదే ఇంటిపేరు మనిషి కొన్నాడు. ఆయన వీలునామా లేదు. అంటే ఈయన ఆయన పెద్దకొడుకు. ఆ రోజు నేను లైబ్రరీలో లేచి నిలబడ్డాను, కూర్చోబుద్ధి కాలేదు.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. వీలునామాలో నా ప్రియమైన భార్యకి అని ఉంటుంది, పేరుంటే అదృష్టం, పుట్టింటి పేరు ఉండనే ఉండదు. కానీ భర్త భూమి అమ్మితే, అందులో భార్యకి వితంతు హక్కు ఉంటుంది కాబట్టి, మెజిస్ట్రేట్లు ఆవిణ్ని పక్కకి పిలిచి, భర్త వినకుండా, నీకు ఇష్టమేనా, ఎవరైనా బెదిరించారా అని అడిగి రాసుకోవాలి. ఆ ఒక్క కాగితంలో ఆవిడ పేరు బయటపడుతుంది. మా మనవడి ఏడో మెట్టు అమ్మమ్మ ఉనికి మాకు తెలిసింది ఆ నాలుగు లైన్ల వల్లే. సంతకం రాదు, గుర్తు వేసింది, చిన్న ఇంటూ గుర్తు. వేలిముద్రలు తీసుకున్న చేతులండీ నావి, ఆ గుర్తు చూసి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

తేదీల విషయంలో జాగ్రత్త. 1752 దాకా ఇంగ్లండులోనూ దాని కాలనీల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మన ఉగాదిలాగా. కాబట్టి 1690 డిసెంబరులో వీలునామా రాసి 1690 ఫిబ్రవరిలో చనిపోయాడంటే తప్పు రాశారనుకోకండి, ఆ ఫిబ్రవరి తర్వాత వచ్చిందే, మన లెక్కలో 1691. జార్జ్ వాషింగ్టన్ కూడా పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11న పుట్టాడు, ఇప్పటి లెక్కలో 1732 ఫిబ్రవరి 22. అలాగే సీనియర్, జూనియర్ అంటే తండ్రీకొడుకులని అనుకోవద్దు, ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దాయనా చిన్నాయనా అంతే, బాబాయీ అబ్బాయీ కావచ్చు, చుట్టరికమే లేకపోవచ్చు. మదర్ ఇన్ లా అని ఉంటే సవతి తల్లి కూడా కావచ్చు.

ఇక పోకహోంటస్. వదినగారికి అది చిన్నప్పటినుంచీ వాళ్ల నాన్నగారు చెప్పిన మాట, తేలిగ్గా తీసెయ్యడానికి నాకు మనసొప్పలేదు, అందుకే గట్టిగా చూశాం. పోకహోంటస్ 1614లో జాన్ రోల్ఫ్‌ని పెళ్లి చేసుకుంది, 1617లో ఇంగ్లండులో గ్రేవ్‌సెండ్ దగ్గర చనిపోయింది. ఒక్కడే కొడుకు, థామస్. ఆయనకి ఒక్కతే కూతురు, జేన్. ఆ జేన్ 1675లో రాబర్ట్ బోలింగ్‌ని చేసుకుంది, ఒక్కడే కొడుకు, జాన్ బోలింగ్. అంటే ఎవరు ఆ వంశం అనుకున్నా అందరూ జాన్ బోలింగ్ అనే ఒక్క గుమ్మంలోంచే రావాలి, ఇంకో దారి లేదు. జాన్ బోలింగ్‌కి పిల్లలు చాలామంది, వాళ్ల సంతానం గురించి బాగా రాసిపెట్టి ఉంది. మా మెట్లు ఎటునుంచి ఎక్కినా ఆ గుమ్మం దరిదాపులకి వెళ్లలేదు. ఆ మాట చెప్పినప్పుడు వదినగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మా నాన్న అబద్ధం చెప్పలేదు, ఆయనకి ఎవరో చెప్పారు, అంది. అవును, అదే నిజం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో గుస్తావ్ ఆంజూ అనే ఒకాయన డబ్బున్న కుటుంబాలకి గొప్ప గొప్ప వంశవృక్షాలు అల్లి అమ్మేవాడు, లేని వీలునామాలు కూడా పుట్టించాడు. ఆయన రాసినవి ఈనాటికీ లైబ్రరీ అల్మరాల్లో ఉన్నాయి, తెలియనివాళ్లు ఈనాటికీ వాటిని ఎక్కించుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు కాగితాలు కాలిపోయిన చోట ఏం చెయ్యాలి? మీలో చాలామంది అల్లుళ్లవీ కోడళ్లవీ కుటుంబాలు ఇటువైపువే కాబట్టి ఇది మీకూ ఎదురవుతుంది. ఇక్కడ కొన్నింటిని కాలిపోయిన కౌంటీలు అనే పిలుస్తారు. న్యూ కెంట్ కౌంటీనే తీసుకోండి. 1787లో ఒకతను జైలుకీ క్లర్క్ ఆఫీసుకీ నిప్పు పెట్టాడు, అతన్ని ఉరి తీశారు, కాగితాలైతే తిరిగి రావు కదా. మిగిలినవి అంతర్యుద్ధం వచ్చినప్పుడు భద్రంగా ఉంటాయని రిచ్మండ్‌కి పంపారు, 1865 ఏప్రిల్లో రిచ్మండే తగలబడింది. రికార్డు రూములో పనిచేసినవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ.

అలాంటి న్యూ కెంట్ నుంచి ఒక వంశం ఎలా పైకి లాగారో చెప్తాను. ఇది మీకు తెలిసిన మనిషి కథే, బరాక్ ఒబామా. ఆయన తండ్రి కెన్యా ఆయన, కాబట్టి ఆఫ్రికా వేరు అటే అని అందరూ అనుకున్నారు. తల్లి స్టాన్లీ ఆన్ డనమ్ 1942లో కాన్సస్‌లో విచిటాలో పుట్టిన తెల్లజాతి అమ్మాయి. 2012లో యాన్సెస్ట్రీ అనే వంశవృక్షాల వెబ్‌సైటు కంపెనీ పరిశోధకులు ఏం చెప్పారంటే, ఆ తల్లి వైపు నుంచే, పైకి 13వ మెట్టులో, జాన్ పంచ్ అనే ఆఫ్రికన్ మనిషి ఉండే అవకాశం చాలా ఎక్కువ అని.

ఎవరు ఈ జాన్ పంచ్? 1640లో హ్యూ గ్విన్ అనే వర్జీనియా భూస్వామి దగ్గర పనిచేస్తున్న ముగ్గురు పనివాళ్లు మేరీల్యాండ్‌కి పారిపోయారు. విక్టర్ అని ఒక డచ్చివాడు, జేమ్స్ గ్రెగరీ అని ఒక స్కాట్లండు మనిషి, జాన్ పంచ్. ముగ్గురినీ పట్టుకొచ్చారు. జూలై 9న జనరల్ కోర్టు తీర్పు చెప్పింది. ముగ్గురికీ తలా ముప్పై కొరడా దెబ్బలు. విక్టర్‌కీ గ్రెగరీకీ యజమాని దగ్గర ఇంకో ఏడాది, ఆ తర్వాత కాలనీకి మూడేళ్లు చాకిరీ. జాన్ పంచ్ నీగ్రో కాబట్టి బతికినంత కాలమూ చాకిరీ. ముగ్గురు చేసిందీ ఒకటే. శిక్ష వేరు. వర్జీనియాలో కోర్టు ఒక మనిషిని జీవితాంతం బానిసగా కట్టేసినట్టు దొరికే మొదటి కాగితం అదేనని చాలామంది చరిత్రకారులంటారు. ఆ కోర్టు అసలు రికార్డులు కూడా 1865 మంటల్లోనే పోయాయి, అంతకుముందు కొందరు రాసిపెట్టుకున్న నకళ్ల వల్ల మనకి ఈ నాలుగు ముక్కలైనా తెలుసు.

ఇప్పుడు లింకు ఏది? జాన్ పంచ్ కొడుకు ఫలానా అని చెప్పే కాగితం లేదు. 1660ల తర్వాత న్యూ కెంట్ కౌంటీలో జాన్ బంచ్ అనే స్వేచ్ఛాపరుడు సొంత భూమితో కనబడతాడు. ఆ రోజుల్లో పేర్లు చెవికి విన్నట్టు రాసేవాళ్లు, పంచ్ బంచ్ అవడం పెద్ద వింత కాదు, కానీ అది ఒక్కటే చాలదు. తండ్రి బానిస అయితే కొడుకు ఎలా స్వేచ్ఛగా ఉన్నాడు? 1662లో వర్జీనియా చేసిన చట్టం ప్రకారం బిడ్డ స్థితి తల్లిని బట్టి. తల్లి తెల్లజాతి ఆవిడ అయి ఉంటే బిడ్డలు స్వేచ్ఛాపరులే. తర్వాత 1705లో ఒక జాన్ బంచ్, సారా స్లేడెన్ అనే తెల్లజాతి అమ్మాయిని పెళ్లి చేసుకుంటానంటే చర్చి పాస్టరు కుదరదన్నాడు, ఇద్దరూ వర్జీనియా కౌన్సిల్‌కి అర్జీ పెట్టుకున్నారు. జాతులు కలిసే పెళ్లిళ్లని ఆపడానికి 1691లో చేసిన చట్టం వీళ్లకి వర్తిస్తుందో లేదో తేల్చమని కౌన్సిల్ అటార్నీ జనరల్‌ని అడిగింది. అంటే ఆ కుటుంబంలో ఆఫ్రికా రక్తం ఉందని ఊరందరికీ తెలుసన్నమాట.

ఆ తర్వాత డీఎన్ఏ. మగవాళ్లలో వై క్రోమోజోము ఇంటిపేరులాగే తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది. ఇప్పుడున్న బంచ్ ఇంటిపేరు మగవాళ్లు, తెల్లవాళ్లుగానే బతుకుతున్నవాళ్లు, పరీక్ష చేయించుకుంటే అది సహారాకి దిగువన ఉన్న ఆఫ్రికా వాళ్లది అని తేలింది. అంటే మొదటి బంచ్ తండ్రి ఆఫ్రికన్ మగమనిషి. ఆ కాలానికి వర్జీనియాలో ఆఫ్రికన్లు కొన్ని వందలమందే, అందులో ఈ పేరుకి దగ్గరగా కాగితాల్లో కనబడేది జాన్ పంచ్ ఒక్కడే. ఎలిజబెత్ షోన్ మిల్స్ అని ఈ విద్యలో చాలా పేరున్నావిడ బయటి నిపుణురాలిగా అన్నీ చూసి, ఇన్ని వందల ఏళ్ల కిందటిదాన్ని పూర్తిగా రుజువు చెయ్యడం ఎవరివల్లా కాదు కానీ ఈ పరిశోధన అత్యున్నత ప్రమాణాలకి నిలబడుతుందని చెప్పింది.

ఇందులో నాకు నచ్చింది గమనించండి. ఒబామా వై క్రోమోజోము ఈ బంచ్‌లది కాదు, తల్లి వైపు కాబట్టి ఆయన్ని పరీక్షించి లాభం లేదు. కాబట్టి జాన్ బంచ్ నుంచి కిందికి టెనెసీ మీదుగా కాన్సస్ దాకా మెట్లన్నీ కాగితాలతోనే కట్టారు, పైన ఒక్క మెట్టు దగ్గర మాత్రం కాగితం లేనిచోట డీఎన్ఏ పెట్టారు, పెట్టి, ఇది బహుశా అని స్పష్టంగా రాశారు. ఆ బహుశా అనే మాట తీసేసి జనం చెప్పుకుంటున్నారు, మీరు మాత్రం తీసెయ్యకండి. అదే బంచ్‌లలో దక్షిణ కెరొలైనా వైపు వెళ్లిన శాఖలో నల్లజాతివాళ్లుగానే ఉండిపోయినవాళ్లున్నారు. 1950లో నోబెల్ శాంతి బహుమతి తీసుకున్న రాల్ఫ్ బంచ్ ఆ శాఖవాడే అయ్యుంటాడని పరిశోధకుల అంచనా.

మా మెట్ల దగ్గరికి వస్తాను. గట్టి కాగితాలతో మేం 1740ల దాకా వెళ్లాం, గూచ్‌లాండ్ కౌంటీలో ఆ 200 ఎకరాలు కొన్నాయన దాకా. ఆయన తండ్రి ఎవరో కాగితం లేదు, అక్కడ గీత గీసి ఆపాం. ఆయన కొడుకు వీలునామా 1779ది, నేను చదివి రాసుకున్నదే. మంచాలు, పరుపులు, ఒక గుర్రం, రాగి బిందె, ఆ తర్వాత వరసగా ఏడుగురు మనుషుల పేర్లు, ఏ బిడ్డకి ఎవరు అని. ఇంటిపేర్లు లేవు, వయసులు లేవు. ఒక తల్లిని పెద్దకొడుక్కీ, ఆవిడ కూతుర్ని చిన్నకూతురికీ ఇచ్చాడు.

వదినగారు అప్పుడు నా పక్కనే ఉంది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మేమిద్దరం ఆ రోజు ఇంకేం చదవలేదు, బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం.

మీరు ఈ రాష్ట్రంలో, చుట్టుపక్కల రాష్ట్రాల్లో కాలనీ కాలం దాకా వెళ్లారంటే ఇది మీకూ కనబడే అవకాశం ఎక్కువ, ముందే చెప్తున్నాను. ఆ ఏడుగురు బానిసల పిల్లల పిల్లలు ఈరోజు తమ తాతల కోసం వెతుకుతుంటారు, వాళ్లకి 1870 జనాభా లెక్కలు గోడలా అడ్డం వస్తాయి. 1850, 1860 లెక్కల్లో బానిసల్ని యజమాని పేరు కింద వయసు, ఆడా మగా అని మాత్రమే రాశారు, పేరు రాయలేదు. వాళ్ల తాతల పేర్లు ఎక్కడ ఉంటాయి మరి? మా మనవడి తాత వీలునామాలో ఉంటాయి. అందుకని వాటిని మన కుటుంబ చరిత్ర కాదులే అని వదిలెయ్యకూడదు. లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో వర్జీనియా అన్‌టోల్డ్ అని నల్లజాతివాళ్ల పేర్లున్న పాత కాగితాల్ని చదివి ఎక్కిస్తున్నారు, చేతిరాత చదవగలిగినవాళ్లు ఎవరైనా ఇంట్లో కూర్చుని సాయం చెయ్యొచ్చు. నేనూ వదినగారూ ఇప్పుడు శనివారాలు ఆ పనే చేస్తున్నాం.

చివరగా ఒక్క సంగతి, మీకు చెప్పకుండా ఉండలేను. కాలనీ రోజుల్లో ఎవరైనా తన ఖర్చుతో ఒక మనిషిని వర్జీనియాకి తీసుకొస్తే ప్రభుత్వం 50 ఎకరాలు ఇచ్చేది. అలా తెచ్చినవాళ్ల పేర్లు పట్టాల్లో రాసేవాళ్లు. 1635లో జార్జ్ మెనెఫీ అనే ఆయన చూపించిన పేర్లలో ఒకటి టోనీ, ఈస్ట్ ఇండియన్. మన దేశం నుంచి అమెరికా గడ్డ మీద అడుగుపెట్టినట్టు కాగితంలో కనబడే మొదటి మనుషుల్లో అతనొకడు. ఆ తర్వాత 1768లో వర్జీనియా గెజెట్ పత్రికలో ఒక ప్రకటన ఉంది, థామస్ గ్రీనిచ్ అనే ఈస్ట్ ఇండియా మనిషి పారిపోయాడు, పొడవాటి నల్లటి జుట్టు, పట్టిచ్చినవాళ్లకి బహుమానం అని. ఇలాంటివాళ్లని తర్వాతి కాగితాల్లో ములాటో, అంటే తెల్ల, నల్ల జాతులు కలిసి పుట్టినవాళ్లు, అని రాసేశారు, వాళ్ల పిల్లలు నల్లజాతి కుటుంబాల్లో కలిసిపోయారు.

టోనీ పేరు చూసినప్పుడు నాకు ఒకటే ఆలోచన. 1635 అంటే ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టి అప్పటికే 24 ఏళ్లు, 1611లో పెట్టారు. మా అమ్మమ్మగారిది బందరు దగ్గరే. ఆ ఓడల్లో ఎక్కినవాడు మనవాడే అయ్యుండొచ్చు కదా అని ఎంత ఆశపడ్డానో. మనవడు కూడా అడిగాడు, నానమ్మా, ఈయన మన తెలుగాయనా అని. ఏ ఊరివాడో ఆ పట్టాలో లేదు నాన్నా అని చెప్పాను. వదినగారికి పోకహోంటస్ విషయంలో ఏం చెప్పానో, నాకు నేనూ అదే చెప్పుకోవాలి. వాడు తన చార్టు వెనకవైపు టోనీ, 1635 అని రాసుకున్నాడు, ఏ గీతకీ కలపకుండా.

వచ్చే నెల రెండో శనివారం నేనూ వదినగారూ రిచ్మండ్ వెళ్తున్నాం, గూచ్‌లాండ్ కోర్టు ఆర్డర్ పుస్తకాలు 1750 నుంచి చూడాలి. కారులో ఇంకో ఇద్దరికి చోటుంది. వచ్చేవాళ్లు పెన్సిలు తెచ్చుకోండి, ఆ గదిలోకి పెన్ను తీసుకెళ్లనివ్వరు. ఇంటి నుంచి పులిహోర నేను తెస్తాను.